తగ్గిన డబ్బు ఎవరు తీశారు

అయినా షేరు అనే మాటకి చేతుల్లో ఏముంది గనక, ఏమీ లేదు, ముక్క అని చూపించుకోవాలి, ఎడమ అరచేతిని బల్లలా పరిచి, కుడిచేతిని కత్తిలా నిలబెట్టి కోసి, కోసినదాన్ని గుండె వైపు లాక్కుంటే కంపెనీలో నాదైన ముక్క అని, బాగానే ఉంది, ముందు వరసలో కాజాలు కుట్టే అమ్మాయి తల ఊపింది, ఊపినంత మాత్రాన అర్థమైనట్టు కాదు, వినపడేవాళ్ళ ముందు తల ఊపడం వినపడనివాళ్ళకి చిన్నప్పుడే అబ్బే విద్య, ఊపకపోతే మళ్ళీ మొదట్నుంచీ చెప్తారని భయం, అని సైగలు చేస్తున్న ఆమె అనుకుంటూ ఉండగానే పాఠం చెప్పే ఆయన షేర్లు వదిలేసి బాండ్ల దగ్గరికి వెళ్ళిపోయాడు, ఈ మనిషికి ఏం తొందరో, బాండు కొంటే మీరు కంపెనీకి అప్పిచ్చినట్టు, వాళ్ళు వడ్డీ ఇస్తారు, గడువు తీరాక అసలు ఇస్తారు, కంపెనీ మునిగితే ముందు అప్పిచ్చినవాళ్ళకి ఇచ్చాకే ముక్కలవాళ్ళకి, మిగిలితే, అంటున్నాడు, ఆ మాట చెవిలో పడి ఆమె చేతులకి చేరేసరికి ఆయన ఇంకో నాలుగు మాటలు ముందుంటాడు, ఈ సైగల అనువాదం పనిలో బతుకంతా ఆ నాలుగు మాటల ఎడంలోనే, ఒక మాట వింటూ, దాని ముందు మాటని చేతులతో చెప్తూ, దానికీ ముందు మాట సరిగ్గా చెప్పానా అని ఎదుటివాళ్ళ ముఖాల్లో వెతుక్కుంటూ, ఆ వెతుకులాటలో చూపు చివరి వరస దాకా పోకుండా ఆపుకోవాలనుకుంది, పోనే పోయింది, అక్కడ, బట్టల తానులు పేర్చిన గోడకి ఆనుకుని, అన్నయ్య, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

జేబుల్లో చేతులంటే, వినపడేవాళ్ళు మూతి బిగించుకుని కూర్చోవడం లాంటిదన్నమాట, అంతకంటే ఎక్కువే, వినపడే మనిషి మూతి బిగించినా ఎదుటివాడి మాట చెవిలో పడుతూనే ఉంటుంది, అన్నయ్య కళ్ళు కూడా పక్కకి తిప్పేసుకుంటే ఇక అటూ ఇటూ రెండు తలుపులూ మూసేసినట్టే, మూడు వారాల నుంచీ అదే వరస, ఎదురుపడితే పలకరించడు, వీడియో కాల్ చేస్తే ఎత్తడు, అందుకే ఇవాళ్టి పని వద్దని ఆమె పోరింది, మా అన్నయ్య పని చేసే చోటు, సొంతవాళ్ళున్న చోట మేము అనువాదం చేయకూడదండీ, అది మా పద్ధతి కాదు అంటే, పనివాళ్ళ సంఘం కార్యదర్శి గోడకి చెప్పుకోమన్నట్టు చూసి, ఊరు మొత్తానికి ఉన్నదే మీరిద్దరు, మూడోమనిషిని నన్ను తయారుచేసుకురమ్మంటారా అమ్మా అన్నాడు, ఈ కుట్టు కంపెనీలో సగంమంది వినపడనివాళ్ళే, ఇన్ని మిషన్ల రొదలో హాయిగా పని చేసుకునేది వాళ్ళొక్కరేనని యజమాని అందరికీ చెప్పి మురుస్తుంటాడు, వాళ్ళకి ఎవరెవరో ఫోన్లో ఏవేవో పథకాలు చూపించి అరచేతిలో స్వర్గం చూపిస్తున్నారని, ఎవరు ఏం చెబితే అది కొనేస్తున్నారని, షేరంటే ఏమిటో బాండంటే ఏమిటో ఫండంటే ఏమిటో ఏ సరుకూ అమ్మని మనిషి చేత ఒక్కసారి చెప్పిద్దామని సంఘం వాళ్ళు సెలవు రోజు చూసి ఈ కటింగ్ గదిలోనే కుర్చీలు వేయించారు. మంచి పనే, కాదనలేదు, ఆమెకి కూడా తెలుసుకోవాలనే ఉంది, పైకి అనలేదు గానీ ఇక్కడున్న అందరికంటే తనకే ఎక్కువ అవసరం.

ఏం జరిగిందంటే ఏమీ జరగలేదు, అదే కదా గొడవంతా, అన్నయ్య సొంతంగా ఒక కటింగ్ మిషన్ కొనుక్కుని చిన్న షాపు పెట్టుకోవాలని పెళ్ళయిన దగ్గర్నుంచీ కూడబెడుతున్నాడు, సినిమా చూడడు, కొత్త చెప్పులు కొనడు, వదిన ఉడుక్కునేంత పొదుపు, ఆ డబ్బు పట్టుకుని నాలుగు నెలల కిందట వచ్చాడు, పక్క బల్ల అతను ఫోన్లో ఫండు చూపించాడు, బాగా పెరిగిందట, నేనూ పెడతాను అన్నాడు, పెట్టాలంటే అవతలివాళ్ళు ఫోన్ చేసి, మాట్లాడేది మీరేనా అని అడుగుతారు, వినపడని మనిషి దానికేమంటాడు, అందుకని నంబరు ఆమెదే ఇచ్చారు, కాల్ ఆమెకే వచ్చింది, మెసేజీలూ ఆమెకే వస్తాయి, అంతా అయ్యాక, ఇంతకీ ఈ ఫండంటే ఏమిటి అని అన్నయ్య అడిగాడు, అప్పుడు పొయ్యి మీద ఏదో ఉంది, ఆమెకి కూడా ఆ ఫండు సంగతి మసక మసకగానే తెలుసు, చేయి తనంతట తనే లేచి ఇంట్లో అలవాటైన సైగ చేసేసింది, కుడి పిడికిలిని ఎడమ అరచేతి కిందికి తోయడం, అమ్మ పెట్టెలో మడత చీరల కింద డబ్బు తోసేది చూడండి, అది, ఆ ఇంట్లో పుట్టిన సైగ, దాచడం, అంతే, అన్నయ్య తల ఊపాడు, మర్యాదకి ఊపింది కాదు, నిజంగా అర్థమై ఊపాడు, అదే కొంప ముంచింది, ఎందుకంటే తర్వాత మార్కెట్ పడింది, అతని ఫోన్లో అంకె తగ్గుతూ తగ్గుతూ ఐదో వంతు మాయమైంది, వదిన ఒకరోజు చాటుగా వీడియో కాల్ చేసి సైగలతో, ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు, దాచిన డబ్బు తగ్గిందంటే ఎవరో ఒకరు తీసి ఉండాలి కదా, నంబరు చెల్లిది, ఫోన్ చెల్లిది అంటున్నాడు, నువ్వలాంటిదానివి కాదని చెప్పాను, వినడం లేదు అంది, ఆ మాట చూడగానే ఆమెకి ఒళ్ళంతా మంటెత్తింది, నేనా, తీశానా, వచ్చి నా ముఖం మీద అడగమను చెప్తాను అనుకుంది, అతను వచ్చి అడగలేదు, తనే వెళ్ళి చెప్పొచ్చు గదా, వెళ్ళలేదు, నేనెందుకు వెళ్ళాలి, దొంగ అన్నవాళ్ళే రావాలి, అని రోజూ ఒకసారి అనుకుని, వీధి తలుపు దాకా ఒకసారి వచ్చి, మళ్ళీ లోపలికి పోయింది.

భుజం మీద చిన్నగా తట్టారు, తనకి జోడీగా అనువాదం చేసే అక్క, పావుగంట అయింది, ఇద్దరూ మార్చి మార్చి చేయాలి, లేకపోతే చేతులు బాగానే ఉంటాయి గానీ బుర్ర మొరాయిస్తుంది, ఆమె పక్కకి తప్పుకుని కుర్చీలో కూర్చుని నీళ్ళు తాగింది, అక్క చేతులు చూస్తుంటే అసూయ కలుగుతుంది ఎవరికైనా, ఇరవై ఏళ్ళ అనుభవం, ఒక్క వేలు కూడా అనవసరంగా కదలదు, ఒకే ఒక్క లోపం, అది లోపమని ఆమె తప్ప ఎవరూ అనరు, అక్క మాటని మర్యాద చేసి చెప్తుంది, కోర్టులోనో ఆసుపత్రిలోనో ఎవరైనా కటువుగా అన్నారనుకో, అక్క దగ్గర అది అంచులు మడిచి కుట్టిన గుడ్డలా బయటికొస్తుంది, వాళ్ళకీ వీళ్ళకీ మధ్య గొడవలెందుకమ్మా, మనం ఉన్నదే కలపడానికి అంటుంది, అని ఆలోచిస్తుండగా చివరి వరసలో ఒక చేయి జేబులోంచి బయటికొచ్చి పైకి లేచింది, అన్నయ్యది, అక్క కూడా చూసింది, కనుబొమలు ఎగరేసి, అడగండి అంది, అన్నయ్య అక్కని చూశాడు, తర్వాత కుర్చీలో కూర్చున్న ఆమెని చూశాడు, మూడు వారాల తర్వాత మొదటిసారి, తల అడ్డంగా ఊపి చేయి దించేశాడు, హమ్మయ్య అనుకుంది, అనుకున్న మరుక్షణమే, ఏం అడగబోయాడు, ఎందుకు ఆగిపోయాడు, నా పక్కన నిలబడే అక్క ముందు చెల్లి దొంగ అనడానికి మొహమాటపడ్డాడా అని పురుగు తొలచడం మొదలైంది. ఇక చేసేదేమీ లేక పాఠం వింది, చేతులు ఊరుకుంటే చెవులకి ఎంత బాగా వినపడుతుందో, ముక్కాయన, అంటే పాఠం చెప్పే ఆయనే, మాట్లాడుతూ ముక్కు రుద్దుకుంటాడని వచ్చిన పది నిమిషాలకే వీళ్ళంతా కలిసి పెట్టిన సైగ పేరు, పాపం ఆయనకి తెలియదు, ఫండు గురించి చెప్తున్నాడు, వెయ్యిమంది తలా కాస్త వేసి ఒక కుప్ప చేస్తారు, ఒక మేనేజరు ఆ కుప్పతో వందరకాల కంపెనీల ముక్కలు కొంటాడు, ఇంకో రకం ఫండులో అప్పుపత్రాలు కొంటాడు, మీరు వేసిన డబ్బుకి తగ్గట్టు మీకు యూనిట్లు ఇస్తారు, ఆ రోజుతో మీ డబ్బు డబ్బుగా ఉండదు, ఎక్కడా పెట్టెలో ఉండదు, అది ముక్కలుగా మారిపోయింది, అన్నాడు. పెట్టెలో ఉండదు అన్న మాట దగ్గర ఆమె నీళ్ళసీసా మూత తిప్పడం ఆపేసింది, పిడికిలి, అరచేయి, మడత చీరలు, అయ్యో, నేను అన్నయ్యకి పెట్టె చూపించాను, పెట్టెలో డబ్బు ఎవరూ తీయకుండా తగ్గదు, ఏ తెలివైన మనిషైనా అదే అనుకుంటాడు, అన్నయ్య తెలివితక్కువగా అనుమానించలేదు, నేను చెప్పినదాన్ని నమ్మి అనుమానించాడు.

మళ్ళీ తన వంతు వచ్చింది, లేచి నిలబడింది, ముక్కాయన ఇంకా ఫండు దగ్గరే ఉన్నాడు, ఈసారి పిడికిలి అరచేతి కిందికి పోబోతుంటే ఆపి, నలువైపుల నుంచీ చేతులతో ఒక కుప్ప పోసి, ఆ కుప్పలోంచి తీసి ముక్క, ముక్క, ముక్క కొన్నట్టు చూపించింది, చివరి వరసలో అన్నయ్య కనుబొమలు దగ్గరికొచ్చాయి, మారిన సైగని పట్టేశాడు, పట్టకేం చేస్తాడు, ఆమెకి మొదటి సైగలు నేర్పిందే అతను, వెంటనే చేయి ఎత్తాడు, అక్క ఉన్నప్పుడు దించేసిన చేయే, ఈసారి దించలేదు, లేచి నిలబడ్డాడు, అందరూ వెనక్కి తిరిగారు, అతని చేతులు కదిలాయి, పెద్దగా, నిదానంగా, గది మొత్తానికి కనపడేలా, వినపడనివాళ్ళకి ఆమె చెప్పాల్సిందేం లేదు, వాళ్ళంతా కళ్ళారా చూస్తున్నారు, కాజాల అమ్మాయి చేయి నోటికి అడ్డం పెట్టుకుంది, ఇస్త్రీ పెద్దాయన తల వంచుకున్నాడు, చెప్పాల్సింది వినపడేవాళ్ళకి, ముక్కాయనకి, కార్యదర్శికి, ఎలా చెప్పాలో పద్ధతి కూడా ఉంది, ఆయన అంటున్నాడు అనకూడదు, అతనే అయి నేను అని చెప్పాలి, ఎన్నోసార్లు ఎంతోమంది అయింది, దొంగతనం ఒప్పుకున్న మనిషైంది, కాన్పు నొప్పులు పడే తల్లైంది, ఇప్పుడు అన్నయ్య అవ్వాలి, పక్క కుర్చీలోంచి అక్క చిన్నగా దగ్గింది, ఆ దగ్గుకి అర్థం ఆమెకి తెలుసు, మార్చి చెప్పు, బంధువులెవరో అను, ఇంట్లోవాళ్ళు అను, ఎవరికి తెలుస్తుంది, నిజమే, వీళ్ళెవరికీ వినపడదు, ఈ గదిలో ఆమె నోరు ఏం చెప్తుందో అన్నయ్యకి ఎప్పటికీ తెలియదు, ఒక్క మాట అటూ ఇటూ జరిపితే పరువు నిలబడుతుంది, ఆమె నోరు తెరిచింది, నేను చాలా ఏళ్ళు కూడబెట్టిన డబ్బు ఫండులో దాచాను, ఐదో వంతు తగ్గింది, నేను తీయలేదు, దాచిన డబ్బు దానంతట అది తగ్గదు, అది ఎక్కడికి పోయింది, ఎవరు తీశారు, ఫోన్ నంబరు మా చెల్లెలిది, మా చెల్లెలు తీసిందా, అని గొంతెత్తి చెప్పింది.

ముక్కాయన ఆమె వైపు తిరిగి, అయ్యో, మీ చెల్లెలాండీ అన్నాడు, నేను కాదండీ, ఆయన మాట, దయచేసి ఆయన్ని చూసి మాట్లాడండి, అంది, ఆయన నాలిక్కరుచుకుని అన్నయ్య వైపు తిరిగి, మరి మీ చెల్లెలుగారు ఇవాళ వచ్చారా అన్నాడు, నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ఆ ప్రశ్నని కూడా ఆమే చేతుల్లో పెట్టి పంపాలి, పంపింది, అన్నయ్య చూపుడువేలు నేరుగా ఆమె మీదికి వచ్చింది, ఆ వేలికి కూడా మాట ఇవ్వాలి కదా, ఇదిగో ఈవిడే, అంది, అక్క గబగబా లేచింది, నేను తీసుకుంటాను, నువ్వు కూర్చో అంటూ, అన్నయ్య దూరం నుంచే చేయి అడ్డం పెట్టి, మీరు కాదు, ఆమే చెప్పాలి, అన్నాడు. కసి, అనుకుంది ఆమె, నా నోటితోనే నన్ను దొంగ అనిపించాడు, ఇంకా తీరలేదు.

ముక్కాయన ముక్కు రెండుసార్లు రుద్దుకుని, అదేమీ కాదండీ, ఇది నోషనల్ నష్టం, మార్కెట్ దిద్దుబాటు, వాల్యుయేషన్లు సర్దుకున్నాయి, మీ హోల్డింగు చెక్కుచెదరలేదు అన్నాడు, నోషనల్‌కి సైగ లేదు, ఆమె ఒక్కొక్క అక్షరం వేళ్ళతో పేర్చుకుంటూ పోయింది, ఎదురుగా ముఖాలు గోడల్లా ఉన్నాయి, ఒక్కరు మర్యాదకి కూడా తల ఊపలేదు, ఆయన కాసేపు వాళ్ళని చూశాడు, ఆమెని చూశాడు, తెలివైనవాడే, ఈ జవాబు ఈవిడ చేతుల్లోంచి వెళ్తే ఆయన ఎందుకు నమ్ముతాడు అని పైకే అనుకుని, మీరు కాసేపు చేతులు దించండమ్మా అన్నాడు, తిన్నగా చివరి వరస దాకా వెళ్ళి అన్నయ్య నడుముకి తోలు ఒరలో ఉన్న కత్తెర చూపించి ఇమ్మన్నట్టు చేయి చాచాడు, కటింగ్ మాస్టర్ని కత్తెర అడగడమంటే పళ్ళసెట్టు అడిగినట్టే, అన్నయ్య చాలాసేపు ఆలోచించి ఇచ్చాడు, ఆయన దాన్ని కటింగ్ బల్ల మీద పెట్టి, కనుబొమలు ఎగరేసి, వేళ్ళు ఆడించి, ఎంత, అన్నాడు, దానికి అనువాదం ఎవరికి కావాలి, మూడు వేళ్ళు లేచాయి, ఐదు లేచాయి, ఇస్త్రీ పెద్దాయన ఎనిమిది చూపించాడు, ముక్కాయన గుడ్డ మీద గీతలు గీసే చాక్ ముక్కలు ఎనిమిది పెద్దాయనకిచ్చి, ఇవే నీ డబ్బు అని సైగ చేసి, మళ్ళీ అతని చేతనే బల్ల మీద పెట్టించి, ఎనిమిదీ తీసి అన్నయ్య చొక్కా జేబులో పోశాడు, కత్తెర పెద్దాయన ఒళ్ళో పెట్టాడు, తర్వాత పక్కనున్న కరెంటు కటింగ్ మిషన్ దగ్గరికి వెళ్ళి మీట నొక్కాడు, బల్ల మీద చేతులు పెట్టినవాళ్ళందరికీ అదురు తెలిసింది, పదహారు మడతల గుడ్డని వెన్నలా కోసి చూపించి, పెద్దాయన ఒళ్ళో కత్తెర వైపు వేలు పెట్టి, ఇప్పుడెంత అన్నాడు, మూడు, నాలుగు, రెండు, కాజాల అమ్మాయి మరీ కొంటెగా ఒకే ఒక్క వేలు చూపించింది, పెద్దాయన లబోదిబోమన్నాడు, కత్తెర ఎత్తి రెండు అలుగులూ ఉన్నాయో లేదో చూశాడు, మర ఉందో లేదో చూశాడు, పక్కవాడి జేబు తడిమాడు, కుర్చీ కింద వెతికాడు, గది గదంతా ఘొల్లుమంది, అన్నయ్య మాత్రం నవ్వలేదు, జేబులోంచి చాక్ ముక్కలు తీసి లెక్కపెట్టుకున్నాడు, ఎనిమిదీ ఉన్నాయి, పెద్దాయనని చూశాడు, కత్తెర ఉంది, మళ్ళీ చాక్ ముక్కల్ని చూశాడు, మరి తగ్గినవి ఎక్కడ, ఎవరి దగ్గరా లేవు, పెద్దాయన ఇచ్చిన ఎనిమిదీ కొన్న క్షణంలోనే అమ్మినవాడి జేబులోకి పోయాయి, అప్పట్నుంచీ అతని దగ్గరున్నది డబ్బు కాదు, కత్తెర, తగ్గిందల్లా రేపు కొనేవాడు ఎత్తే వేళ్ళే, అంతలో ముక్కాయన మిషన్ ప్లగ్గు పీకి, వైరు గాల్లో ఊపి, కరెంటు లేదు అన్నట్టు చేతులు తిప్పి, ఇప్పుడెంత అన్నాడు, ఐదు, ఏడు, ఎవరో తొమ్మిది కూడా చూపించారు, పెద్దాయన కత్తెరని గుండెకి హత్తుకుని, ఇది అమ్మేది లేదు పొమ్మన్నాడు, ఆమె ఇంతసేపూ చేతులు దించుకుని నిలబడి ఉంది, అర్థమయ్యే సంగతికి తన చేతులు అక్కర్లేకపోవడం ఈ ఉద్యోగంలో ఇదే మొదటిసారి, చిన్నతనంగా అనిపించలేదు, పెద్ద బరువు దించినట్టు అనిపించింది.

తర్వాత ముక్కాయన మాటలతో చెప్పాడు, ఆమె చేతులతో చెప్పింది, మీ ఫండులో ఇలాంటి కత్తెరలు వందరకాలు ఉన్నాయి, మీకున్న యూనిట్లు ఎన్నో చూసుకోండి, కొన్న రోజు ఎన్నో ఇప్పుడూ అన్నే ఉంటే ఎవరూ తీయనట్టే, అన్నయ్య ఫోన్ తీసి చూశాడు, పైకి కిందికి జరిపి మళ్ళీ చూశాడు, అన్నే ఉన్నాయి, అన్నాడు, ఆమె ఆ మాటకి గొంతు ఇచ్చింది, అన్నే ఉన్నాయి, ఆ రెండు మాటలు పలకడం ఇంత తేలికగా ఉంటుందనుకోలేదు, అయితే మళ్ళీ పెరుగుతుందా అని అన్నయ్య అడిగాడు, ముక్కాయన ముక్కు రుద్దుకోలేదు ఈసారి, నేను చెప్పలేనండీ, చెప్తాననేవాణ్ణి నమ్మొద్దు, కంపెనీలు బాగా నడిస్తే ఏళ్ళు గడిచేకొద్దీ పెరగొచ్చు, పెరగకపోనూవచ్చు, ఏడాదిలోపు కావలసిన డబ్బు షేర్ల ఫండులో పెట్టకూడదు, దాన్ని బ్యాంకు డిపాజిట్లోనో అలాంటి కదలని చోటో పెట్టుకోవాలి, మీకెప్పుడు కావాలి అన్నాడు, ఈ ఏడాదే, మిషన్ కొనడానికి, అన్నాడు అన్నయ్య, ముక్కాయన అవునన్నట్టు తల దించాడు, ఆమె ఒక్క నిమిషం అని ఆయన్ని ఆపి, అనువాదకురాలిగా నాదొక సవరణ, అని పైకి చెప్పి, అన్నయ్యకి చెప్పింది, ఆ రోజు నేను దాచడం అన్నాను, పిడికిలి, అరచేయి, ఆ సైగ తప్పు, అది దాచడం కాదు, కొనడం, కొన్నదాని ధర ఊగుతుంది, నాకు సరిగ్గా తెలియకుండా చెప్పాను, అన్నయ్య ఆ చేతుల్నే చూస్తూ ఉండిపోయాడు, క్షమించానని అనలేదు, ఎలా అంటాడు, ఈ ఏడాది మిషన్ రాదు, ఆ సంగతి మారదు, పెద్దాయన దగ్గర్నుంచి కత్తెర తీసుకుని, పైట కొంగంత మెత్తటి గుడ్డముక్కతో తుడిచి, ఒరలో పెట్టుకుని, కూర్చున్నాడు.

భుజం మీద అక్క చేయి పడింది, ఆమె పక్కకి వచ్చి కూర్చుంది, అక్క ముక్కాయన మాటల్ని అందంగా చెప్తోంది, ఎవరో అడిగారు, అక్క గొంతు ఇచ్చింది, ఆ అడిగినవాడు ఈ పథకాలు అమ్మేవాళ్ళు పచ్చి మోసగాళ్ళు అన్నాడు, అక్క నోట్లో అది, అమ్మేవాళ్ళ మీద మాకు కొన్ని సందేహాలున్నాయి, అయింది, ఆమెకి నవ్వొచ్చింది, అక్కంటే ఇదే, అన్నయ్య ప్రశ్నని కూడా అక్క ఇలాగే మడిచి కుట్టేది, ఇంట్లోవాళ్ళెవరైనా పొరపాటున, అనేది, ముక్కాయన దానికి తగ్గ జవాబేదో చెప్పి వెళ్ళిపోయేవాడు, కత్తెర తీయించేవాడు కాదు, అన్నయ్య అలాగే రోజూ అన్నం ముందు కూర్చుని, అనుకుంటూనే ఆగింది, అన్నయ్య చేయి ఎత్తి దించేశాడు కదా, అక్కని చూసి, తర్వాత నన్ను చూసి, నా వంతు వచ్చేదాకా ఆగాడు, మీరు కాదు ఆమే చెప్పాలి అన్నాడు, కసి అనుకున్నాను, కసి అయితే ముందు నా నోటిని నమ్మాలి కదా, నేను మార్చేస్తే అతనికేం తెలుస్తుంది, ఏ వినపడని మనిషైనా దొంగ అనుకున్నవాళ్ళ నోటికి ఇంత పెద్ద మాట అప్పజెబుతాడా, ఎప్పుడో ఆమె స్కూల్లో ఉన్నప్పుడు అన్నయ్యకి మొదటి పెళ్ళి సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాళ్ళలో ఒకాయన, చెవుల్లేని ఇంటికి పిల్లనిచ్చి గోడలతో మాట్లాడమంటారా అని అనేసి నవ్వాడు, ఏమన్నాడు అని అన్నయ్య అడిగాడు, తర్వాత చెప్తాంలే అంది అమ్మ, తర్వాత చెప్తాంలే అన్నాడు మామయ్య, అందరూ కళ్ళతో వద్దంటున్నా ఆమె ఉన్నదున్నట్టు చేతుల్లో పెట్టేసింది, గోడలతో సహా, అన్నయ్య ముఖం నల్లబడింది, అమ్మ ఆమె వీపు మీద రెండు వేసింది, సాయంత్రం మెట్ల మీద ఏడుస్తూ కూర్చుంటే అన్నయ్య వచ్చి పక్కన కూర్చుని, వాళ్ళు తర్వాత చెప్తామన్నవి నా జన్మలో ఎప్పుడూ చెప్పలేదు, నువ్వు ఒక్కదానివే అప్పటికప్పుడు చెప్తావు, అన్నాడు, ఆమె తల ఎత్తి చివరి వరసలోకి చూసింది, అన్నయ్య అక్క చేతుల్ని చూస్తున్నాడు, అతని చేతులు జేబుల్లో లేవు, మోకాళ్ళ మీద ఉన్నాయి, ఇటు చూడలేదు, చూడనక్కర్లేదు, ఆమెకి తెలిసిపోయింది, మూడు వారాలు చెల్లెల్నే అనుమానించి, ఆ అనుమానాన్ని కూడా తెచ్చి చెల్లెలి నోటికే ఇచ్చాడు అన్నయ్య, ఒక్క ముక్క మార్చదని.